ఎవరి ఏళ్ళు?

సంక్రాంతికి చిల్లకల్లు వెళ్ళినప్పుడు మా వీధి బాబాయి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల పదో తరగతి. "డాక్టరవ్వాలంటే ఎన్నేళ్ళు పడుద్ది అమ్మాయ్?" అని అడిగాడు.

డాక్టర్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, మీద ఏడాది ఇంటర్న్‌షిప్, పీజీ చేస్తే ఇంకో 3 ఏళ్ళు అని చెప్పాను. ఇంజనీరింగ్ 4, ఆర్కిటెక్చర్ 5, లా అయితే ఇంటర్ తర్వాత 5 లేదా డిగ్రీ తర్వాత 3 అని కూడా చెప్పాను.

బాబాయి కౌలుకి మిర్చి వేస్తాడు. "అయిదున్నరంటే ఆరు పంటలు" అన్నాడు. "అందులో రెండు పోయినయ్యనుకో..." అని ఆగిపోయాడు. 2021లో నల్ల తామరపురుగు తోటల్ని ఊడ్చిపెట్టిన సంగతి ఆయన మర్చిపోలేదు.

నేనొక అంకె దాచానని ఆయన వెళ్ళాక గానీ తోచలేదు. నేను రెండేళ్ళు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నాను. ఆ రెండేళ్ళు ఏ కోర్సు వివరాల్లోనూ ఉండవు. ఆ ఫీజులు కట్టే రోజుల్లోనే, పదో తరగతితో చదువాపేసిన అన్నయ్య బెజవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్ షెడ్డులో చేరాడు. టీలు తెచ్చాడు, డీజిల్‌తో సామాన్లు కడిగాడు, స్పానర్లు అందించాడు. మేస్త్రీ వాడి చేతికి ఇంజన్ ఒంటరిగా వదిలేసరికి ఆరేళ్ళు పట్టింది. నా ఎంబీబీఎస్ కంటే ఎక్కువే. అయినా "మీ అన్నయ్య ఏం చదివాడు?" అంటే ఇప్పటికీ "టెన్త్" అనే చెబుతాం. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఒక్క ఏడాదే, కానీ దానికి కాగితం ఉంటుంది.

అలాగని కాగితం దండగ అననూ లేను. కత్తి పట్టుకున్న మనిషి ఎవరో రోగికి తెలీదు. ఆ చదివిన ఏళ్ళే అతనికి హామీ. కానీ ఆ అంకెల్ని నిర్ణయించేది మనుషులే. ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో ఏడాది బీఈడీ రెండేళ్ళయింది. సీఏలో ఆర్టికల్‌షిప్ 2023 కొత్త పద్ధతిలో మూడేళ్ళ నుంచి రెండేళ్ళకి తగ్గింది. అంటే టీచర్ విలువ పెరిగి, సీఏ విలువ తగ్గిందనా? కాదు కదా. ఒక పని చెయ్యనివ్వడానికి పెట్టుకున్న లెక్క అది. దాన్ని మనిషి ఎత్తు కొలిచే బద్దగా వాడుకుంటున్నది మనం.

ఇంకో సంగతి. ఇంటర్న్‌షిప్ మొదటి వారంలో, పెద్దాసుపత్రిలో ఒక ముసలమ్మకి సెలైన్ సూది పెట్టబోయి నాలుగుసార్లు గుచ్చాను. చెయ్యి వాచింది. నాకు ఏడుపొచ్చింది. "ఏం కాదులే తల్లీ, ఇంకొకళ్ళకి నొప్పి లేకుండా పెడుదువుగానీ" అంది. ఆవిడకి డబ్బుంటే ఆ వార్డుకి వచ్చేదే కాదు. నా చేతికొచ్చిన పనితనం ఆవిడ చేతి మీద నేర్చుకున్నది. ఇప్పుడు దాన్ని కార్పొరేట్ ఆసుపత్రిలో జీతానికి అమ్ముకుంటున్నాను.

"ఎనిమిదిన్నరేళ్ళు కష్టపడి చదివాను" అని చాలాసార్లు అన్నాను. అబద్ధం కాదు, కానీ ఆ ఏళ్ళన్నీ నావి కావు. కొన్ని అన్నయ్యవి, కొన్ని ఆ ముసలమ్మలాంటి వాళ్ళవి. వాళ్ళకి నేను ఏం తిరిగిచ్చానో లెక్కేస్తే, పండక్కి అన్నయ్యకి తెచ్చే ప్యాంటూ షర్టూ తప్ప ఏమీ కనపడలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఇంటికెళ్ళి లాంగ్‌టర్మ్ సంగతి కూడా చెప్పాను. చదవొద్దని కాదు, తెలిసి చదివించమని. వచ్చేస్తూ అడిగాను: "పిల్లకి తమ్ముడున్నాడు కదా?"

"ఉన్నాడు, ఏడో క్లాసు. ఏం?"

"వాడి లెక్క కూడా ఇప్పుడే వేసుకో బాబాయ్."

మా ఇంట్లో ఆ రోజు ఆ మాట ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.