చచ్చిన అక్షరం



మన హనుమకొండలోని సుబేదారికి ఆ పేరు ఎలా వచ్చిందో మీ పిల్లలకు చెప్పారా? నిజాం కాలంలో వరంగల్ సుబాను పాలించిన అధికారిని సుబేదారు అనేవారు. ఆయన హుకుం ఇస్తే జరిగి తీరవలసిందే. ఈనాడు సుబేదారు లేడు, ఆయన హుకుములూ లేవు. పేరు మాత్రం మిగిలింది.

అధికారి పోతే హుకుం పోవడం సహజమే. కాని అమల్లో ఉండి కూడా ఎవరూ పాటించని చట్టాన్ని ఏమనాలి? సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో ఇంగ్లీషు చదివే పిల్లలను అడగండి. 'డెడ్ లెటర్' అంటారు. అంటే చచ్చిన అక్షరం. పుస్తకంలో ఉంటుంది, బ్రతుకులో ఉండదు.

వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాని ప్రకారం కట్నం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. 1986 సవరణతో శిక్ష మామూలుగా 5 సంవత్సరాల జైలుకు తగ్గరాదన్నారు. అడగకుండా ఇచ్చే కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది. వాటి పట్టిక వ్రాయాలి, విలువ ఇచ్చేవారి స్తోమతను మించరాదు.

ఆ సందులో నుండే మనం కారును, ప్లాటును ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం. "మేమేమీ అడగలేదు, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అంటాం. దీనికీ ఇంగ్లీషులో మాట ఉంది: 'లూప్‌హోల్'. పూర్వం కోటగోడలో బాణం వేయడానికి విడిచే సన్నని సందుకు ఆ పేరు.

మార్కు సువార్త 7వ అధ్యాయం తెరచి చూడండి. తల్లిదండ్రులకు చెందవలసిన దానిని 'కొర్బాను', అనగా దేవునికి అర్పితం అని పేరు పెట్టి, కొందరు నాలుగవ ఆజ్ఞను తప్పించుకునేవారు. దైవాజ్ఞను వమ్ము చేస్తున్నారని ప్రభువు వారిని గద్దించారు. పెదవులతో దేవుని గౌరవించి, హృదయాన్ని దూరంగా ఉంచుకునే ప్రజను గూర్చి యెషయా ప్రవక్త చెప్పిన మాట గుర్తు చేశారు. 'లిప్ సర్వీస్' అంటే అదే.

పీఠం ముందు వధూవరులు ఇష్టపూర్వకంగా ప్రమాణం చేస్తుండగా, బెంచీలో కూర్చున్న తండ్రి అప్పుకు వడ్డీ లెక్క పెట్టుకుంటూ ఉంటే, ఆ దివ్యపూజలో మన పాటలు ఏపాటివి?

కట్నం లేకుంటే సంబంధం రాదన్న ఆడపిల్ల తల్లిదండ్రుల భయం ప్రభువు ఎరుగును. కనుక మొదటి అడుగు కుమారులున్న ఇంటిదే. ఈ ఆదివారం భోజనాల వేళ మీ అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకొని నిర్ణయించుకోండి: "కట్నం అడగం, ఏ పేరుతో వచ్చినా పుచ్చుకోం." సంబంధం మాట్లాడే మొదటి రోజే ఆ మాట అమ్మాయి వారికి చెప్పండి.

తన ధర్మశాస్త్రాన్ని హృదయాలపై వ్రాస్తానని దేవుడు యిర్మీయా ద్వారా వాగ్దానం చేశారు. ఈ చట్టం మన ఇండ్లలోనే చచ్చింది. తిరిగి లేవవలసిందీ మన ఇండ్లలోనే. ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమెన్.