శిలావిగ్రహం – చరిత్ర ఋణం

ఏథెన్సు విశ్వవిద్యాలయం ఎదుట బ్రిటిష్ ఉదారవాద నాయకుడు విలియం గ్లాడ్‌స్టన్ పాలరాతి విగ్రహం ఉంది. నాలుగు పర్యాయాలు ప్రధానమంత్రి పదవిని అధిష్ఠించిన ఆయన హయాంలోనే, 1881లో, థెస్సలీ ప్రాంతం ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి గ్రీసుకు సంక్రమించింది. పరాధీన జాతుల పక్షాన గొంతెత్తిన రాజనీతిజ్ఞునిగా గ్రీకులు ఆయనను స్మరిస్తారు. ఆ స్మరణలో అసత్యం లేదు.

భారతీయులకూ ఈ కృతజ్ఞతలో కొంత పాలు ఉంది. 1880లో రిప్పన్ ప్రభువును వైస్రాయిగా పంపినది గ్లాడ్‌స్టన్ ప్రభుత్వమే. దేశభాషా పత్రికల చట్టం రద్దు, స్థానిక స్వపరిపాలనా తీర్మానం రెండూ 1882 నాటివి. మద్రాసు నగరపాలక సంస్థ భవనం నేటికీ రిప్పన్ పేరుతోనే నిలిచి ఉంది.

అయితే ఆ విగ్రహం చెప్పని కథ ఒకటి ఉంది. గ్లాడ్‌స్టన్ తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్‌కు వెస్టిండీసులోనూ, దక్షిణ అమెరికా తీరాన డెమెరారాలోనూ చెరకు తోటలు, వాటిలో రెండు వేలకు పైగా బానిసలు ఉండేవారు. బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం లక్ష పౌండ్లకు పైగా పరిహారం చెల్లించింది బానిసలకు కాదు, ఆయనకు. 1833లో యువ గ్లాడ్‌స్టన్ పార్లమెంటులో తోటల యజమానుల పక్షాన మాట్లాడాడు. బానిసల స్థానంలో పనిచేయడానికి కూలీలు కావాలని తండ్రి కలకత్తా వర్తక సంస్థకు 1836లో లేఖ రాశాడు. ఫలితంగా 1838లో విట్బీ, హెస్పెరస్ అనే ఓడలు ఒప్పంద కూలీలను బ్రిటిష్ గయానాకు చేర్చాయి. అటువంటి ఒప్పందాల మీదనే మన తీరం నుంచి మారిషస్‌కు వెళ్ళిన తెలుగువారికి, బయలుదేరిన రేవును బట్టి, ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. వారికి మిగిలిన స్మారకం చాలాకాలం వరకు ఆ పేరొక్కటే.

తండ్రి చేసిన పనికి కుమారుడు బాధ్యుడా అన్న ప్రశ్న సహజమే. కాని 1833 నాటి ప్రసంగం కుమారునిదే. తరువాతి కాలంలో ఆయన భావాలు మారాయన్నది కూడా అంతే నిజం. 1882లో అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేల్చింది సైతం ఆయన ప్రభుత్వపు నౌకాదళమే. మరి అటువంటి వ్యక్తి విగ్రహాన్ని ఉంచాలా, తొలగించాలా?

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించడం అవసరం. కృతజ్ఞత వేరు, తీర్పు వేరు. మేలు పొందినవాడు చెప్పే కృతజ్ఞతకు దాత సమగ్ర చరిత్రతో నిమిత్తం లేదు. దానిని రద్దు చేసే అధికారం ఇతరులకు లేదు. కాని ఒక జాతి కృతజ్ఞత మరొక జాతి బాధకు సమాధానం కాజాలదు. శిలను తీర్పుగా భావించినప్పుడే అన్యాయం ప్రారంభమవుతుంది. అప్పుడు మేలు పొందినవారి మాట మాత్రమే వినిపిస్తుంది, కీడు పొందినవారు చరిత్ర నుంచే జారిపోతారు.

2021లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం తన విద్యార్థి వసతిగృహానికి గ్లాడ్‌స్టన్ పేరును మార్చింది. 2023లో ఆ కుటుంబపు వారసులు గయానాకు వెళ్ళి, తమ పూర్వీకుల పాత్రకు క్షమాపణ చెప్పారు. మొదటి చర్య ఒక గౌరవాన్ని ఉపసంహరించింది. రెండవది ఒక ఋణాన్ని అంగీకరించింది. రెండవదే కష్టతరమైనది, మరింత విలువైనది.

గయానా రాజధాని జార్జిటౌన్‌లో నేడు విట్బీ ఓడ స్మారకం ఉంది. ఏథెన్సు విగ్రహాన్ని పడగొట్టకుండానే, ఈ స్మారకాన్ని కూడా అదే చరిత్రలో భాగంగా పాఠశాలలో బోధించడం సాధ్యమే. ఉపకారాన్ని మరువని జాతి సంస్కారవంతమైనది. తనకు ఉపకారం చేసినవాని వల్ల ఇతరులు పడిన బాధను సైతం వినగలిగినప్పుడే అది న్యాయవంతమైన జాతి అనిపించుకుంటుంది.