ఖర్చులో రాయని పని

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ రిపోర్టుకి ఒక మూస ఉంటుంది. సర్టిఫికెట్, కృతజ్ఞతలు, సంస్థ గురించి రెండు పేజీలు, చేసిన పని, చివర్లో ‘నేను నేర్చుకున్నవి’. ఆ చివరి అధ్యాయం రాయడం అందరికీ తేలికే. టీమ్‌వర్క్ నేర్చుకున్నాను, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాను అని రాసేస్తే మార్కులు పడిపోతాయి. అదే ఇంటర్న్‌షిప్ వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే ఏ చిన్న సంస్థలోనో అయితే ఇంకో వాక్యం కూడా చేరుతుంది: “జీవితం పట్ల నా దృక్పథమే మారిపోయింది.” ఇది అబద్ధమని నేను అనను. నిజంగానే మారి ఉండొచ్చు. కానీ నేర్చుకున్నవాళ్ళు ఉన్నారంటే నేర్పినవాళ్ళూ ఉండాలి కదా. వాళ్ళు ఆ రిపోర్టులో ఎక్కడున్నారు, ఏ పేరుతో ఉన్నారు?

ఈ ప్రశ్న నన్ను పట్టుకోడానికి కారణం మా పిన్ని కూతురు. పోయిన వేసవిలో తను హైదరాబాద్‌లో ఒక సోషల్ ఎంటర్‌ప్రైజ్‌లో రెండు నెలలు పనిచేసింది. సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటే, విరాళాల మీదే బతక్కుండా, ఏదో ఒక సేవ అమ్మి ఆ డబ్బుతో సమాజానికి పనికొచ్చేది చేసే సంస్థ. వీళ్ళు కాలేజీల వెబ్‌సైట్లని చూపు లేనివాళ్ళు కూడా వాడుకునేలా సరిచేసి ఫీజు తీసుకుంటారు. ఆ ఫీజు ఆసరాతో డిగ్రీ, బీఈడీ, గ్రూప్స్ చదువుకునే అంధ విద్యార్థుల కోసం తెలుగు పుస్తకాలని స్క్రీన్ రీడర్ చదవగలిగే రూపంలోకి మారుస్తారు. ఒక అపార్ట్‌మెంట్ కింద అంతస్తులో రెండు గదులు, ఆరుగురు మనుషులు. సంస్థ పెట్టినాయనకి కూడా చూపు బాగా తక్కువ. కొన్ని నెలలు ఆయన జీతం తీసుకోడు.

తెలుగు పుస్తకాన్ని అలా మార్చడం ఎంత పనో కొంచెం చెప్పాలి. స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. దానికి కావాల్సింది అక్షరం ఆకారం కాదు, ఆ అక్షరం వెనకున్న కోడ్. యూనికోడ్‌లో ‘క’కి ఒక స్థిరమైన సంఖ్య ఉంది కాబట్టి దాన్ని ‘క’ అని చదువుతుంది. కానీ మన పుస్తకాల్లో చాలా భాగం డీటీపీ రోజుల్లో అను లాంటి ఫాంట్లలో కంపోజ్ అయినవి. అప్పటికి ఉన్న దారి అదే. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. కంటికది చక్కటి తెలుగే. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల పోగు. ఇక స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే లోపల అక్షరాలే ఉండవు, బొమ్మ ఒక్కటే. అప్పుడు ఏమీ వినపడదు.

మా చెల్లికిచ్చిన పని ఈ పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాయడం. చిన్నదే గాని చిక్కులున్న పని. ఉదాహరణకి క్రావడి చాలా పాత ఫాంట్లలో అక్షరానికి ఎడమవైపు కనబడుతుంది, యూనికోడ్‌లో మాత్రం హల్లు తర్వాత రావాలి. ఇలాంటివి ఒక్కొక్కటీ పట్టుకుని సరిచేసి, మూడు వారాల్లో ఒక పుస్తకం మొత్తం మార్చేసింది. తెర మీద చదివి చూసుకుంది, తప్పుల్లేవు. అప్పుడు ఆ ఫైలు బీఈడీ చదువుతున్న ఒకావిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. వారానికి రెండుసార్లు రెండు బస్సులు మారి ఆఫీసుకొచ్చి ఫైళ్ళు విని చూస్తుంది. మామూలువాళ్ళకి ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటుంది. పది నిమిషాల్లో చెప్పేసింది: “ప్రతి పేజీ పైన పుస్తకం పేరు ఉందనుకుంటా చెల్లీ, అది వాక్యం మధ్యలోకొచ్చి పడుతోంది. ఫుట్‌నోటు కూడా అంతే. అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకడానికి శీర్షికలు గుర్తు పెట్టలేదు. రేపు పరీక్షనగా ఏడో అధ్యాయం కావాలంటే మొదట్నించీ వినుకుంటూ రావాలా?”

అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పుస్తకం మాత్రం చదివే స్థితిలో లేదు. కంటితో చదివేవాళ్ళు పేజీ పైనున్న పేరుని తెలీకుండానే దాటేస్తారు కాబట్టి అదొక అడ్డమని వాళ్ళకి తట్టదు. తర్వాతి నెలంతా మా చెల్లి చేసింది ఆవిడ చెప్పినవి సరిచెయ్యడమే. ప్రాజెక్టులో నిజంగా పనికొచ్చిన భాగం కూడా అదే. మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇలా తప్పులు పట్టేవాళ్ళని టెస్టర్ అంటాం, నెలకి జీతమిస్తాం. ప్రపంచమంతా వాడే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ని 2006లో మొదలుపెట్టింది మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియన్, తర్వాత ఆయనతో కలిసింది జేమ్స్ టే అనే ఇంకో ఆస్ట్రేలియన్. ఇద్దరూ అంధులే. ఏది అడ్డమో ఏది కాదో బయటివాళ్ళు వచ్చి చెప్పాల్సిన అవసరం వాళ్ళకి లేదు. లేమిని రోజూ దాటుకుంటూ వచ్చిన మనిషికి దాని గురించి ఉండే జ్ఞానం నైపుణ్యమే. దానికి డిగ్రీ ఉండదు, అంతే.

మరి ఆ రెండు నెలల లెక్క చూద్దాం. ఇంటర్న్‌కి నెలకి ఎనిమిది వేలు, సర్టిఫికెట్, కాలేజీలో క్రెడిట్లు, రెజ్యూమెలో మంచి లైను. బీఈడీ చదివే ఆవిడకి బస్సు ఛార్జీలు, టీ, రిపోర్టు కృతజ్ఞతల పేజీలో “లబ్ధిదారులందరికీ ధన్యవాదాలు” అన్న మాట. ఎవరు ఎవరివల్ల లబ్ధి పొందారో ఆ మాట తలకిందులుగా చెప్తోంది.

ఇక్కడ చట్టం గురించి ఒక ముక్క. 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్ళు చదవగలిగే రూపంలోకి పుస్తకాలని మార్చుకోడానికి వెసులుబాటిచ్చారు. వాళ్ళ కోసం పనిచేసే సంస్థలు లాభం చూసుకోకుండా ఈ ప్రతులివ్వాలి, తయారీ ఖర్చు మాత్రం రాబట్టుకోవచ్చు. ఇదే ఉద్దేశంతో వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మనమే. మంచి చట్టం. నా ప్రశ్న ఆ ‘తయారీ ఖర్చు’ అన్న మాట మీద. ఆ సంస్థ ఎక్సెల్ షీటులో ఒక్కో పుస్తకానికీ స్కానింగ్, కరెంటు, ఇంటర్నెట్, ఇంటర్న్ స్టైపెండ్ అన్నీ ఉన్నాయి. విని సరిచూసిన గంటలు మాత్రం లేవు. ఎవరూ కావాలని తీసెయ్యలేదు. పుస్తకం ఎవరి కోసమో వాళ్ళే వింటున్నారు కాబట్టి అది ఖర్చులా కనబడలేదు.

కనబడకపోవడానికి ఇంకో కారణం మన పిలుపుల్లో ఉందనిపిస్తుంది. మొదటి రోజునుంచే ఆవిడ మా పిల్లని చెల్లీ అంది, ఇది అక్కా అంది. తెలుగులో ఇద్దరు మనుషులు దగ్గరవ్వడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. కానీ వరస కలిపాక డబ్బు మాట నోటికి రాదు. అక్క చేసినదానికి వెల కడతామా? ‘మా వాళ్ళే కదా’ అని సంస్థ పెద్దాయనా అనేది అదే. ఆయన తను జీతం వదులుకున్నంత సహజంగా మిగతావాళ్ళ గంటలు కూడా వదులుకున్నాడు. ఒకరి త్యాగం ఇంకొకరి బాధ్యతగా మారేది చెడ్డవాళ్ళ దగ్గరే అనుకుంటాం. ప్రేమ ఉన్నచోట ఇంకా తేలిగ్గా మారుతుంది.

దీనికి ఆ సంస్థవైపు నుంచి జవాబు లేకపోలేదు. ఆరుగురి జీతాలకే తడుముకునే చోట టెస్టర్‌కి ఇవ్వాలంటే నెలకి ఒకట్రెండు పుస్తకాలు తగ్గుతాయి. తగ్గేది కూడా ఆవిడలాంటివాళ్ళ పుస్తకాలే. మా చెల్లి అడిగితే ఆవిడే అందట: “నాకు పుస్తకం కావాలి కాబట్టి వస్తున్నా. నేను డబ్బులడిగితే అసలు ఈ పనే ఆపేస్తారేమో.” ఈ మాటని రెండు రకాలుగా వినొచ్చు. ఇష్టంగా చేస్తోంది కాబట్టి అన్యాయం ఏముంది అని ఒకటి. అడిగితే ఉన్నదీ పోతుందన్న భయం మీద నిలబడ్డ ఇష్టాన్ని ఇష్టం అనగలమా అని రెండోది. నాకు రెండోదే వినబడింది. పుస్తకం తప్పకుండా అందుతుందన్న ధీమా ఉన్న మనిషి ఉచితంగా చేస్తే అది దానం. లేని మనిషి చేస్తే అది కట్టకతప్పని రుసుము.

వైకల్యం ఉన్నవాళ్ళని చూసి ఉత్తేజం పొందే అలవాటు మీద ఆస్ట్రేలియన్ హాస్యనటి స్టెల్లా యంగ్ 2014లో సిడ్నీలో ఇచ్చిన ఉపన్యాసం చాలామంది వినే ఉంటారు. తన రోజువారీ బతుకు ఇతరులకి స్ఫూర్తిపాఠంగా మారడం ఆవిడకి చిరాకు. మన 2016 చట్టం కూడా జాలి భాష వదిలి హక్కుల భాషలో మాట్లాడింది. ఈ రెండూ అవసరమే. అయినా మన సందర్భంలో ఒక ఖాళీ మిగులుతోంది. స్ఫూర్తి మాటలు మానేసి, పుస్తకం ఆవిడ హక్కని ఒప్పుకున్నాక కూడా, ఆ పుస్తకం తయారవడానికి ఆవిడ పెట్టిన పనిని పని అనాల్సి ఉంది. హక్కుదారుగా గౌరవించడం ఒకటి, పనిమంతురాలిగా గుర్తించడం మరొకటి. మొదటిదాంతో రెండోది దానంతటదే రాదు.

అలాగని ఇంటర్న్ జీవితాంతం అక్కడే ఉండిపోవాలని నేననడం లేదు. తనకిప్పుడు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల హడావిడి. రెండు నెలలకి వచ్చిన మనిషి రెండు నెలలకి వెళ్ళిపోవడంలో తప్పేమీ లేదు. తను చెయ్యగలిగినవి మూడు. ఒకటి, తర్వాత వచ్చేవాళ్ళు నడపగలిగేలా ఆ ప్రోగ్రాం గురించి తెలుగులో, స్క్రీన్ రీడర్ చదవగలిగేలా, వివరంగా రాసిపెట్టడం. అది చేసే వచ్చింది. రెండు, ఖర్చు షీటులో ‘విని సరిచూడటం’ అని ఒక వరస చేర్చడం. ఇవ్వడానికి డబ్బులేని నెలలో ఆ గడిలో బాకీ అని రాసుకోవచ్చు. రాసుకున్న బాకీ ఎప్పటికైనా తీరే అవకాశం ఉంది, రాయనిదానికి అదీ లేదు. ఇది అడగడానికి తను మొహమాటపడింది. ఎనిమిది వేలు తీసుకున్నది తనే కాబట్టి ఆ ఇబ్బంది న్యాయమైనదే, అడగాల్సిందీ అందుకే. చివరికి అడిగింది. పెద్దాయన కాసేపు ఏమీ అనలేదట. తర్వాత గంటకెంత రాయాలో ఆవిడనే అడుగుదాం అన్నాడట. కాలేజీ ఫీజులు వచ్చిన నెలలో ఇస్తున్నారు, రాని నెలలో రాస్తున్నారు.

మూడోది రిపోర్టుకి సంబంధించినది. అందులో ‘ఎక్స్‌టర్నల్ గైడ్’ అని ఒక గడి ఉంటుంది, సంస్థలో పని నేర్పినవాళ్ళ పేరు రాయడానికి. ఆవిడని అడిగి, ఆవిడ పేరు అక్కడ పెట్టింది. డిగ్రీ హోదా లేని మనిషి గైడ్ ఎలా అవుతారని డిపార్ట్‌మెంట్‌లో అభ్యంతరం వచ్చింది. ఆ గడిలో పెద్దాయన పేరు, కింద ‘టెస్టింగ్ గైడ్’ అని ఆవిడ పేరు పెట్టేలా రాజీ కుదిరింది. ‘లబ్ధిదారులందరికీ’ అన్న వాక్యం తీసేసింది.

సాహిత్యం చదివేవాళ్ళకి ఈ గొడవంతా ఎందుకంటారా? మనం కవితలని రంగుల బొమ్మల మీద అచ్చేసి షేర్ చేస్తాం, పాత సంచికలని స్కాన్ చేసి పెట్టి భద్రపరిచామనుకుంటాం. అవి ఎవరికి వినపడవో ఎవరైనా విని చెప్పాలి. చెప్పమని అడిగేముందు, ఆ గంటలని ఏ గడిలో రాసుకుంటామో కూడా అనుకుని ఉంచుకుంటే మంచిది.