పాత పడవకు ఎంత వైద్యం?



“కొత్తొక వింత, పాతొక రోత” అని మన సామెత. పాతదాన్ని పారెయ్యకుండా బాగుచేద్దామనుకునే వారికి మాత్రం ఇంకో చిక్కు వస్తుంది: ఎంతవరకు బాగుచేయాలి? వైద్యుణ్ణి కనుక నాకిది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. తీరిక వేళల్లో ఒక పాత చెక్క పడవకు మరమ్మతు చేస్తుంటే దీనికి కొంత జవాబు దొరికింది.

మసాచుసెట్స్ తీరంలో బీటిల్ క్యాట్ అనే చిన్న తెరచాప పడవలు ప్రసిద్ధం. న్యూ బెడ్‌ఫర్డ్‌లో తిమింగలాల వేటకు పడవలు కట్టిన బీటిల్ కుటుంబం వీటిని 1921లో మొదలుపెట్టింది. పొడవు 12 అడుగుల పైచిలుకు. ఆవిరి పట్టి వంచిన ఓక్ బద్దలే పక్కటెముకలు. వాటిమీద సీడర్ పలకలు, పలకల సందుల్లో దూది పోగులు.

ఇలాంటి పడవ కొన్నేళ్ళు షెడ్డులో ఉండిపోతే చెక్క ఎండి, సందులు విచ్చుకుంటాయి. నీళ్ళలో దింపగానే జల్లెడలా కారుతుంది. చూసినవారు ఇక పనికిరాదంటారు. కానీ రెండు మూడు రోజులు నీళ్ళు తోడుతూ ఓపిక పడితే, చెక్క నీరు తాగి ఉబ్బి సందులు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. ఆత్రపడి ఎండు సందుల్లో గట్టిగా కూరితే, పలకలకు ఉబ్బే చోటు లేక ఆ ఒత్తిడికి పక్కటెముకలు విరగవచ్చు.

అలాగని అన్నిటినీ కాలానికి వదిలేయకూడదు. గాలి ఆడని మూలల్లో వాననీరు నిలిస్తే బూజు పట్టి చెక్క పుచ్చిపోతుంది. రంగు వేస్తే పుచ్చు కనబడదు, లోపల పెరుగుతూనే ఉంటుంది. గట్టి చెక్క తగిలేదాకా తొలిచి కొత్త ముక్క అతకాలి. ఏది ఎండిన సందో, ఏది పుచ్చో తెలియాలంటే మొనతో గుచ్చి చూడాలి. గుంటూరులో వైద్యం చదివేటప్పుడు మాకు మొదట నేర్పినదీ ఇదే: ముందు చెయ్యి పెట్టి చూడు, తర్వాతే మందు రాయి.

ఈ వసంతంలో మనలో చాలామంది ఇళ్ళకు అమ్మానాన్నలు వస్తారు. ఇండియాకూ ఈ తూర్పు తీరానికీ ఇప్పుడు తొమ్మిదిన్నర గంటల తేడా. శరీరంలోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. అంటే వారం దాటినా వేళకు నిద్రపట్టకపోవటం సహజమే. ఈలోపే వారి తిండి, నడక, మాట తీరు అన్నీ సరిదిద్దబోతాం. ఆ తొందర మనదే, అవసరం వారిది కాదు. మరోవైపు ఆయాసం, ఉన్నట్టుండి వచ్చిన మతిమరుపు, మనకు ఖర్చవుతుందని దాచుకునే ఛాతీనొప్పి – వీటిని “వయసు కదా” అనే రంగుతో కప్పేస్తాం.

ఎండిన సందుకు ఓపిక, పుచ్చుకు ఉలి. ఈ రెంటినీ తారుమారు చేయకపోవటమే పాతవాటిపట్ల మన ధర్మమని నా అభిప్రాయం. ఈ ఉగాదికి ఇంటి పెద్దల దగ్గర కాసేపు ఊరికే కూర్చుని, వారు చెప్పేది వినండి. అది కూడా వైద్యమే.