మనువు దోసిట్లో చేప

శతపథ బ్రాహ్మణంలో ఒక ఉదయం. మనువు చేతులు కడుక్కుంటుంటే నీళ్లతో పాటు ఒక చేపపిల్ల దోసిట్లోకి వస్తుంది. తనను పెంచితే ఆయనను కాపాడతానంటుంది. పెద్ద చేపలు చిన్నవాటిని మింగేస్తాయన్నదే దాని భయం. మనువు దాన్ని ముందు కుండలో, తర్వాత గుంటలో పెంచి, చివరికి సముద్రంలో వదులుతాడు. జలప్రళయంలో ఆయన ఓడను లాక్కెళ్లి ఒడ్డు చేర్చింది ఆ చేపే.

ఇప్పటి చేపపిల్ల భయపడాల్సిన శత్రువుకు నోరూ లేదు, పళ్లూ లేవు. అది నీళ్లలో కరిగిపోయి ఉంది.

కెనడాలో, ఒంటారియో వాయవ్య భాగాన పరిశోధనల కోసమే కేటాయించిన సరస్సులున్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 దాకా కరెన్ కిడ్ బృందం ఇథినైల్ ఈస్ట్రడయాల్ కలిపింది. గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ స్త్రీ హార్మోను అది. కలిపింది లీటరుకు ఐదారు నానోగ్రాములే. నానోగ్రామంటే గ్రాములో వందకోట్ల వంతు. ఆ కాస్తకే ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవాటి కాలేయం విటెల్లోజెనిన్ తయారుచేయడం మొదలుపెట్టింది. గుడ్డులో సొనగా మారే మాంసకృత్తు అది. మగ చేపకు దానితో పనే లేదు. హార్మోన్ల కబురు అందుకునే కాలేయ కణంలోని గ్రాహకానికి తన ఒంట్లోంచి వచ్చిన కబురేదో, బయటి నీటిలోంచి వచ్చిన కబురేదో తెలియదు. వృషణాల ఎదుగుదల దెబ్బతింది, కొన్నిటిలో గుడ్ల కణాలు కనిపించాయి. ఆడ చేపల్లోనూ గుడ్ల ఎదుగుదల గాడి తప్పింది. కొద్దికాలమే బతికే జాతి కావడంతో, పిల్లలు లేక అది ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

అక్కడ చేపల్ని తుడిచిపెట్టింది వల కాదు, గాలమూ కాదు. ఉన్న చేపల్ని చంపకుండానే, పుట్టాల్సినవి పుట్టకుండా పోయాయి. దీన్ని హింస అనవచ్చా?

సరస్సులో జరిగింది తెలిసి చేసిన ప్రయోగం. నదుల్లో అదే పని ఎవరూ అనుకోకుండా జరుగుతోంది. బ్రిటన్‌లో సూసన్ జాబ్లింగ్, జాన్ సంప్టర్ తదితరులు 1998లో ప్రకటించిన పరిశోధనలో, మురుగుశుద్ధి కేంద్రాల దిగువన కొన్ని చోట్ల పరీక్షించిన మగ రోచ్ చేపలన్నిటిలోనూ ఆడ లక్షణాలు బయటపడ్డాయి. మాత్రలు వేసుకునే స్త్రీలను మాత్రమే తప్పుపట్టడానికి వీల్లేదు. మనిషి మూత్రంలో సహజంగా పోయే ఈస్ట్రోన్, ఈస్ట్రడయాల్ హార్మోన్లకూ ఇందులో పెద్ద పాలుంది. అంటే, పాపమనుకుంటే అందులో ఊరంతటికీ వాటా ఉంది.

మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తం ఇలాంటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. కర్మల్లో బరువైనది శరీరం చేసేదని నిగంఠుల (జైనుల) వాదం, మనసు చేసేదని బుద్ధుడి మాట. బుద్ధుడి కొలతతో చూస్తే స్నానాలగదిలో నిలబడ్డ మనిషికి చేపల మీద ద్వేషం లేదు కాబట్టి దోషమూ తక్కువే. కానీ ఆ ఊరట తెలియనంతవరకే. తూములోంచి పోయేది దిగువన ఏం చేస్తోందో తెలిశాక, మౌనంగా ఉండటం కూడా మనసు చేసిన కర్మే అవుతుంది.

మనువు పేరుతోనే ఉన్న స్మృతి ఇంకో దారి చూపింది. గృహస్థుడి ఇంట్లో ఐదు వధ్యస్థానాలున్నాయంటుంది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటిని వాడక తప్పదు, వాడితే చిన్న ప్రాణులు చావకా తప్పదు. ఉద్దేశం లేదు కదా అని స్మృతికారుడు వదిలిపెట్టలేదు. అలాగని పొయ్యి ఆర్పెయ్యమనీ అనలేదు. రోజూ పంచ మహాయజ్ఞాలు చెయ్యమన్నాడు. వాటిలో భూతయజ్ఞం ప్రాణులకు అన్నంలో వాటా తీసిపెట్టడం. అక్కడ తెలియక చేసిన హింస శిక్షకు కారణం కాదు, ఏ రోజుకారోజు తీర్చాల్సిన బాకీ. ఆ వధ్యస్థానాల జాబితాలో నీళ్లకుండ ఉండటం ఈ కాలానికి మరీ సూటిగా తగులుతుంది.

బాకీ ఎవరిదన్నది తెలుగునేల మీద ఇంకా జటిలం. 2007లో ప్రకటించిన ఒక పరిశోధన కోసం స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర, సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. అది హార్మోను కాదు, యాంటీబయోటిక్. అయినా ప్రశ్న ఒకటే. ఎక్కడో దూరదేశంలో ఆ మాత్ర మింగి కోలుకున్న రోగికి పటాన్‌చెరు దగ్గరి నక్కవాగు పేరైనా తెలియదు. అతని ఆరోగ్యం ఖరీదులో కొంత మాత్రం ఈ నీళ్లే కట్టాయి.

స్విట్జర్లాండ్ ఈ బాకీకి లెక్క కట్టింది. 2016లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 2040లోగా సుమారు వంద మురుగుశుద్ధి కేంద్రాల్లో ఓజోన్‌తోనో, ఉత్తేజిత బొగ్గుతోనో ఇలాంటి సూక్ష్మ కాలుష్యాలను తొలగించాలి. ఖర్చు కోసం మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకుల దాకా వసూలు చేస్తారు. ఫలానావారు ఏ మాత్ర మింగారని ఎవరూ అడగరు. నీళ్లు వాడే ఇల్లు కాబట్టి వాటా కట్టాలి, అంతే.

260వ నంబరు సరస్సులో హార్మోను కలపడం 2003తో ఆగింది. కొన్నేళ్లకు మగ మిన్నోల ఒంట్లో విటెల్లోజెనిన్ మామూలు స్థాయికి దిగింది. ఆ నీళ్లలో మళ్లీ చేపపిల్లలు పుట్టాయి.