మన కంచం – మన భక్తి



తపస్సుకాలం రాగానే మాంసం మానేస్తాం. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపూట ఉంటాం. మంచిదే. మరి మిగిలిన ఏడాదంతా మన కంచం దగ్గర భక్తి ఉంటున్నదా?

తిండిపోతుతనం ఏడు మూలపాపాలలో ఒకటని జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం. అంటే ఎక్కువ తినడమొక్కటేనా? 590 నుండి 604 వరకు శ్రీసభను నడిపిన పునీత గ్రెగోరీ పాపుగారు అందులో అయిదు రకాలు చెప్పారు. వేళ కాకముందే తినడం, ఖరీదైనదే కావాలనడం, రుచులకోసం ఆరాటపడడం, మితిమీరి తినడం, ఆబగా తినడం. టీవీ చూస్తూ, సెల్‌ఫోన్ చూస్తూ ఎంత తిన్నామో తెలియని మనకు ఇవి పాతబడిన మాటలు కావు.

మన దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలుగారు బోధించారు. ఆలయాన్ని శుభ్రంగా ఉంచుకున్నట్టే దేహాన్నీ కాపాడుకోవాలి. పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే సుమారు ఒక టీస్పూను. కూరలో ఉప్పుకు తోడు ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ చేరితే ఆ లెక్క దాటడం ఎంతసేపు? ఇక షుగరు మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. శ్రీసభ ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినప్పటినుండి 59 నిండేవరకే. జబ్బుతో ఉన్నవారిని అది బలవంతపెట్టదు.

కొరింతు సంఘంలో కొందరు ముందుగానే కడుపునిండా తిని, పేదలను ఆకలితో ఉంచేవారు. అది ప్రభువు విందే కాదని పౌలుగారు గద్దించారు. మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? ముక్కలన్నీ మగవారికీ పిల్లలకూ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకునే తల్లి ఎంతమంది ఇళ్లలో లేదు? ఆదివారం ఒకే బలిపీఠం దగ్గర దివ్యసత్ప్రసాదం పుచ్చుకున్న కుటుంబం ఇంటికి వచ్చి ఇలా తినడం న్యాయమేనా?

ఈ వారంనుండే మొదలుపెడదాం. రోజుకు ఒక్కపూటైనా టీవీ కట్టేసి, జపం చెప్పుకొని, వండిన ఇల్లాలితో సహా అందరూ కలిసి కూర్చోండి. కావలసినంతే వడ్డించుకోండి. అయిదు వేలమందికి పెట్టిన ప్రభువే మిగిలిన ముక్కలను 12 గంపలకు ఎత్తించారు. మెతుకు పారేసే హక్కు మనకెక్కడిది?

యాయీరు కుమార్తెను బ్రతికించిన వెంటనే ఆమెకు తినడానికి పెట్టమన్నారు యేసు ప్రభువు. ఆకలి ఆయనకు చిన్న విషయం కాదు. మన ఇంటి తల్లి ఆకలీ అంతే.

ప్రభువు మీ ఇంటి భోజనాన్ని ఆశీర్వదించునుగాక. ఆమెన్.