అద్దె యిల్లు, ఆచారశుద్ధి

మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతములలో నిన్నటివరకు వరిపొలములుండిన చోట్ల నిప్పుడు మేడలు లేచినవి. జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలలో పనికి వచ్చువారును, విద్యాసంస్థలకు వచ్చువారును అచ్చట అద్దెగదులు వెదకుచుందురు. ముస్లిం యువకుడు ఫోను చేసినప్పుడు ఖాళీగా నున్న పోర్షను, అతడు పేరు చెప్పినంతనే "ఇప్పుడే వేరేటోళ్లు అడ్వాన్సు ఇచ్చిండ్రు" అను మాటతో నిండిపోవును. మొగమాటము లేనివారు "మీవాళ్లకు ఇయ్యం" అనియే చెప్పుదురు.

ఇట్లు చెప్పువారిలో ననేకులు దుర్మార్గులు కారు. మా యింట పూజ యున్నది, మడి యున్నది, మాంసము వండువారితో పొసగదని వారు మనస్ఫూర్తిగనే నమ్ముదురు. అయితే మాంసము తిను హిందువునకు ఆ యిల్లే దొరకుటను వారు గమనింపరు. ధర్మము పేర చెప్పబడు నీ మాటను ధర్మముతోనే పరీక్షింపవలెను. పతంజలి యోగసూత్రములలో శౌచమును నియమములలో చేర్చెను. అహింసను, సత్యమును యమములలో నుంచి, జాతి, దేశము, కాలము, సందర్భము అను హద్దులు లేక సర్వత్ర పాటింపదగిన మహావ్రతములని వానిని పేర్కొనెను. శౌచము సాధకుడు తన దేహమునకు, తన మనస్సునకు విధించుకొను క్రమశిక్షణ. మడి కట్టుకొన్నవాడు తన వంటింట కట్టుకొనవచ్చును. నెలనెలా అద్దె పుచ్చుకొను పైయంతస్తులో పరుని పొయ్యిమీద దానిని కట్టుటకు అతనికి అధికారమెక్కడిది? అద్దె వ్యవహారము, మడి వ్రతము. రెంటిని కలిపినచో వ్రతము వ్యవహారమునకు తెరచాటగును. పైగా ఖాళీ యిల్లు నిండినదని చెప్పుటలో, శౌచమును కాపాడబోయి సత్యమును విడిచినట్లయినది.

మడి పాటించువారు ముస్లిములతో కలిసిమెలిసి యుండుటయు మనకు క్రొత్త కాదు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగ (మొహర్రం) నాడు హిందువులు పీరీల నెత్తుకొనిరి, అలాయి గుండము చుట్టు ఆడిరి, మలీద పంచుకొనిరి. ఆ యిండ్లలో మడి లేకపోలేదు.

ఇక చట్టము మాటకు వచ్చినచో, మన రాజ్యాంగము 15(2) అధికరణమున దుకాణములు, హోటళ్లు, బావులు, చెరువులు ఎవరికిని మతకారణమున నిరాకరింపరాదనెను. అచ్చట దుకాణమను పదమును సేవ లందించు ప్రతి చోటుకు వర్తించు విశాలార్థమున వాడితిమని అంబేద్కరు రాజ్యాంగసభలో వివరించెను. 2011లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఒక తీర్పున ఆ విశాలార్థమునే గ్రహించెను. అయితే అహమ్మదాబాదు పార్శీల గృహనిర్మాణ సంఘము తమవారికే సభ్యత్వమను నిబంధన పెట్టుకొనగా, అంతకు ముందే 2005లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. ఉద్యోగమునకు వచ్చినచో 16వ అధికరణము ప్రభుత్వ కొలువులకే పరిమితము. ప్రైవేటు కంపెనీలో దరఖాస్తుపై పేరు చూచి ప్రక్కకు నెట్టినను, జుమ్మా నమాజునకు అరగంట యడిగినవానిని చిన్నచూపు చూచినను, అడ్డుకొను సమగ్రమైన చట్టము లేదు. ఒకే యర్హతలతో వేర్వేరు పేర్ల దరఖాస్తులు పంపి థోరాట్, అట్టెవెల్ 2007లో ప్రకటించిన పరిశోధనలో ముస్లిం పేరున్నవానికి పిలుపులు తక్కువ వచ్చినవి. 2008లో మాధవ మీనన్ అధ్యక్షతన నిపుణసంఘము సమానావకాశ కమిషను నెలకొల్పుమని నివేదించినది. అట్టిది నేటికిని ఏర్పడలేదు.

శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయ మున్నది. అచ్చటి విద్యార్థులు సమానత్వాధికరణములను చదువుచున్నారు. వారి గోడకవతలి వీధులలో "టులెట్" బోర్డు కట్టిన యజమానులను నేను వేడుకొనునది ఒక్కటే: అద్దె యెంత, అడ్వాన్సు యెంత, నీళ్లెన్నడు వచ్చునో చెప్పుడు, వచ్చినవాని పనిని, అద్దె కట్టు శక్తిని అడుగుడు, పేరు విన్న పిమ్మట ఆ మాట మార్చకుడు.